చేరినవాళ్ల లెక్క చెప్పండి

సంపాదకులకు,

గుంటూరు బ్రాడీపేటలో నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. ఇంజినీరింగ్ సీట్ల కోసం జరిగే ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో పెట్టించుకోవడానికి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకొస్తారు. ర్యాంకు ఎంతైనా మాట ఒకటే: "ముందు కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) పెట్టండి. రాకపోతే ఏఐ, డేటా సైన్స్. సివిల్, మెకానికల్ అసలొద్దు." కాలేజీ ఏ ఊళ్లో ఉందో కూడా కొందరు అడగరు.

నాలుగేళ్లకు ఆ పిల్లలే రెజ్యూమే ప్రింట్లకొస్తారు. కాలేజీలు వేరు, ప్రాజెక్టు మాత్రం చాలామందిది ఒకటే: ముఖం చూసి హాజరు వేసే సాఫ్ట్‌వేర్. "నువ్వే రాశావా బాబూ?" అంటే నవ్వేస్తారు. నిజంగా రాసేవాళ్లూ లేకపోలేదు. మొన్న ఒకమ్మాయి ప్రింట్ వచ్చేలోపు ఫోన్‌లో తన కోడ్ చూపించి, మాస్కు పెట్టుకుంటే మనిషిని ఎందుకు గుర్తుపట్టలేకపోతోందో గడగడా చెప్పింది. ఆ అమ్మాయి చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, జాయినింగ్ డేట్ లేదు. కాలేజీ ఫ్లెక్సీ మీద ఫొటో మాత్రం ఎక్కేసింది.

నా గొడవ ఆ ఫ్లెక్సీతోనే. ఆఫర్లు లెక్కేస్తారు గానీ ఉద్యోగంలో చేరినవాళ్లని లెక్కెయ్యరు. ఒకరికే మూడొస్తే మూడూ కలిపేస్తారు. ఇన్ఫోసిస్‌లో ఎంపికైన 2022 బ్యాచ్ పిల్లలు కొందరు 2024 దాకా పిలుపు కోసం ఎదురుచూసిన సంగతి పేపర్లలోనే చదివాం. మరోపక్క, బాగా నడిచే కాలేజీలకు బ్రాంచికి ఇన్ని సీట్లేనన్న పరిమితిని 2024-25 నుంచి, ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ ఎత్తేసింది. ఇక అడ్డేముంది, సీఎస్‌ఈ సెక్షన్లు పెంచుకుంటూ పోవడమే.

సీఎస్‌ఈ దండగని నేననను. కష్టపడి నేర్చుకున్నవాళ్లకు ఇప్పటికీ అదే అన్నం పెడుతోంది. కాకపోతే ఏ కాలేజీలో ఎంతమందికి పెడుతోందో చేరేముందు తెలియాలిగా? కేంద్రం కాలేజీలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుకు దరఖాస్తు చేసే కాలేజీలు ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో, మధ్యస్థ జీతమెంతో, అంటే సగం మంది ఎంతకన్నా తక్కువకు చేరారో, వెబ్‌సైట్‌లో పెడతాయి. అడిగినవాళ్లకు ఆ పేజీ తీసి చూపిస్తుంటాను. తీరా చూస్తే నాలుగేళ్ల కోర్సులన్నిటికీ కలిపి ఒకటే అంకె. అందులో సీఎస్‌ఈ వాళ్లెందరో, సివిల్ వాళ్లెందరో దేవుడికే తెలియాలి.

ఉన్నత విద్యా మండలి వచ్చే కౌన్సెలింగ్‌కైనా బ్రాంచీలవారీగా, ఉద్యోగంలో నిజంగా చేరినవాళ్ల సంఖ్య, వాళ్ల మధ్యస్థ జీతం ప్రతి కాలేజీ చేతా చెప్పించాలి. గత ఏడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చెప్పే పట్టికలో ఫీజు కాలమ్ ఎలాగూ ఉంది. దాని పక్కన ఇంకో రెండు కాలమ్‌లు పడతాయి.

- ఒక నెట్ సెంటర్ యజమాని, బ్రాడీపేట, గుంటూరు