చూసినవాళ్లు ఎవరికి చెప్పాలి? మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక రాష్ట్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను కర్నూలు నుంచి వచ్చి పదకొండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. మా చుట్టుపక్కల తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారి పిల్లలు పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఆయాల దగ్గరే ఉంటారు. నెల రోజుల కిందట మా అపార్టుమెంటు ఆవరణలో, రెండేళ్లు నిండని పాపకు ఒక ఆయా పెరుగన్నం పెడుతుండగా చూశాను. పాప ముద్ద ఉమ్మేసింది. ఆమె ఎడమచేత్తో పాప ముక్కు మూసి, ఊపిరి కోసం నోరు తెరవగానే మరో ముద్ద కుక్కి, దగ్గుతున్న బిడ్డ తొడ మీద గట్టిగా గిల్లింది. పాప గొంతెత్తి ఏడవలేదు. ఏడిస్తే ఇంకో దెబ్బ పడుతుందని ఆ పసిప్రాణానికి అప్పటికే తెలుసేమోనన్న ఆలోచన నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

"ఏమ్మా, అట్లా కుక్కితే బిడ్డకు ఊపిరాడుతుందా?" అని గిన్నె పక్కకు జరిపి, పాప తేరుకున్నాక ఇంటికి వచ్చేశాను. తల్లికి చెప్పడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. పరాయి ఇంటి సంగతి కదా, ఒక పేదరాలి పొట్ట కొట్టినట్టవుతుందేమో, స్టేషను చుట్టూ తిరగాల్సి వస్తుందేమో అన్న జంకుతో నేను నోరు మూసుకున్న ఆ రెండు రోజులూ పాప ఆమె చేతుల్లోనే ఉంది. ఈలోగా ఎవరో తీసిన వీడియో, పాప ముఖం స్పష్టంగా కనిపించేలా, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది.

తన సంరక్షణలో ఉన్న బిడ్డను హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ చెబుతోంది. బాధిత బిడ్డను గుర్తుపట్టేలా వివరాలు బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం. కాబట్టి ఆ వీడియో వెళ్లాల్సింది పోలీసులకో బాలల సంక్షేమ సమితికో తప్ప గ్రూపులకు కాదు. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి, సదుద్దేశంతో చెప్పినవారికి రక్షణ కూడా ఉంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం పగలూ రాత్రీ ఉచితంగా పనిచేసే 1098 సహాయవాణి నంబరు ఉంది. ఇన్ని ఉన్నా, ఆ సాయంత్రం అక్కడున్న మా ఆరుగురిలో ఒక్కరికీ ఆ నంబరు గుర్తు రాలేదు.

అందుకే అడుగుతున్నాను. ప్రతి అపార్టుమెంటు గేటు దగ్గర, పార్కులో, డే కేర్ గుమ్మంలో కన్నడంతో పాటు తెలుగు, తమిళం, హిందీల్లో 1098 బోర్డు పెట్టించండి. ముందు బిడ్డ దగ్గరకు వెళ్లి ఆపాలని, సమయం, చోటు, చూసింది చూసినట్టు రాసుకోవాలని, అదే రోజు తల్లిదండ్రులకు చెప్పాలని, హింసించేది వాళ్లే అయితే నేరుగా 1098కి చెప్పాలని దాని మీద రాయించండి. ఫోన్ చేసినవారి పేరు గోప్యంగా ఉంచి, ఎవరైనా వెళ్లి బిడ్డను చూశారో లేదో తిరిగి తెలియజేసే ఏర్పాటు చేయండి.

ఆయాలందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. మా పక్కింటి పిల్లవాడు జ్వరమొస్తే తల్లి కంటే ముందు తన ఆయమ్మనే వెతుక్కుంటాడు. పన్నెండు గంటలు ఒంటరిగా పసిబిడ్డను చూసుకునే ఆ స్త్రీలకు శిక్షణ, విశ్రాంతి, గుర్తింపు కల్పించే బాధ్యత కూడా మీ శాఖ తీసుకోవాలి.

ఆ తల్లి నన్ను ఒకే మాట అడిగింది: "అక్కా, ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

ఇట్లు,
మారతహళ్లి నివాసి, బెంగళూరు