ఈసారి సర్వీసు ఫిబ్రవరిలోనే: మా డక్టబుల్ ఏసీ కస్టమర్లకు మనవి

డక్టబుల్ ఏసీకి, అంటే ఒకే యూనిట్ నుంచి సీలింగులోని గొట్టాల ద్వారా గదులకు చల్లగాలి పంపే ఏసీకి, మా దగ్గర వార్షిక నిర్వహణ ఒప్పందం తీసుకున్న నార్సింగి, కోకాపేట, మణికొండ ప్రాంతాల కస్టమర్లందరికీ నమస్కారం. గత వేసవిలో మా పని మునుపటిలా లేదని మీలో కొందరు ముఖం మీదే చెప్పారు. ఆ మాట నిజమే కనుక, ఏం జరిగిందో, ఈ ఏడాది ఏం మారుస్తున్నామో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఏప్రిల్‌లో ఒక డూప్లెక్స్ ఇంట్లో మేము సర్వీసు చేసి వెళ్లిన తొమ్మిదో రోజున పూజగది ముందరి ఫాల్స్ సీలింగ్ తడిసి మరక పడింది. మరునాటికి ఒక జిప్సం పలక ఊడి కింద పడింది. యూనిట్ విప్పి చూస్తే డ్రెయిన్ ట్రే (ఏసీలో కారే నీరు చేరే పళ్లెం) మూలలో తెల్లని ముద్ద, వేలితో తీస్తే తడి లప్పంలా వచ్చింది. అది నిజంగా లప్పమే. అంతకుముందు ఆ ఇంట్లో గోడలు రుద్ది రంగులు వేస్తున్నన్నాళ్లూ ఏసీ నడుస్తూనే ఉండటంతో ఆ పొడి రిటర్న్ గ్రిల్ (గది గాలిని యూనిట్‌లోకి లాగుకునే జాలీ) గుండా లోపలికి చేరింది; మేము కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చట్రం) కడిగినప్పుడు అదంతా ట్రేలోకి దిగి, నీరు బయటికి పోయే పైపు నోరు మూసేసింది.

దానికి తోడు ఆ పైపుకు యూ-ట్రాప్, అంటే కొంత నీరు నిలిచేలా యూ ఆకారంలో ఉండే వంపు, లేదు. బ్లోయర్ (లోపలి ఫ్యాను) కాయిల్ గుండా గాలిని లాగుకునే యూనిట్లలో ట్రే దగ్గర గాలి ఒత్తిడి బయటికన్నా తక్కువగా ఉంటుంది కాబట్టి, ట్రాప్‌లో నిలిచిన నీరు అడ్డు లేకపోతే పైపులోంచి గాలి ఎదురు వచ్చి ట్రేలోని నీటిని దిగనివ్వదు. ఆ పైపు వేసింది మేము కాదు గానీ, అంతకుముందు నాలుగు సర్వీసులు చేసి కూడా దాన్ని పట్టించుకోకపోవడం మా తప్పే. సీలింగుకు, రంగుకు అయిన ఖర్చు మేమే పెట్టుకున్నాము.

అసలు కారణం తొందర. ఏప్రిల్‌లో అందరూ ఒకేసారి పిలుస్తారు. రెండు గంటలు పట్టవలసిన పనిని మా వాళ్లు నలభై నిమిషాల్లో ముగించి తర్వాతి ఇంటికి పరుగెత్తారు. అందుకే వేసవి ముందరి సర్వీసును ఈసారి ఫిబ్రవరిలోనే మొదలుపెట్టి మార్చి 15 నాటికి పూర్తి చేస్తాము. కాయిల్ కడిగిన తర్వాత ట్రేలో రెండు లీటర్ల నీళ్లు పోసి, అవి పైపు రెండో చివర ధారగా బయటికి వచ్చేదాకా టెక్నీషియన్ కదలడు. ఆ చివర మీ ఇంట్లోవారు ఎవరైనా నిలబడి చూస్తే ఇంకా మంచిది. రిటర్న్ గాలి (యూనిట్‌లోకి వెళ్లేది), సప్లై గాలి (చల్లబడి గదిలోకి వచ్చేది) ఉష్ణోగ్రతలు, కంప్రెసర్ తీసుకుంటున్న ఆంపియర్లు కార్డు మీద రాసి ఇస్తాము.

గ్యాస్ విషయంలో ఇంకొకటి ఒప్పుకోవాలి. చల్లదనం తగ్గిందనగానే కొంచెం గ్యాస్ పట్టి డబ్బు తీసుకున్న సందర్భాలు మా దగ్గరా ఉన్నాయి. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఇకపై నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, సబ్బు నురగతో లీకు పట్టుకుని, దాన్ని సరిచేసి, వాక్యూమ్ చేసిన (గొట్టాల్లోని గాలి, తేమ లాగేసిన) తర్వాతే తూకం ప్రకారం గ్యాస్ నింపుతాము. లీకు వెతకకుండా గ్యాస్ మాత్రం పట్టమంటే రాలేము. ఆర్-22 గ్యాస్‌తో నడిచే పాత యూనిట్లు ఉన్నవారు ఒక మాట గమనించాలి: మన దేశంలో 2025 నుంచి ఆ గ్యాస్‌తో కొత్త ఏసీల తయారీ ఆగిపోయింది. పెద్ద లీకు వస్తే మరమ్మతు చేయించడమా, యూనిట్ మార్చడమా అన్నది లెక్క వేసి చెబుతాము గానీ, అందులో వేరే గ్యాస్ కలిపి నడిపించము.

రోజుకు ఇళ్లు తగ్గించడం వల్ల ఒప్పందం రుసుము రూ. 9,000 నుంచి రూ. 10,500కు పెంచక తప్పలేదు. ఇప్పటికే కట్టినవారికి గడువు తీరేవరకు పాత ధరే.

మీ వైపు నుంచి రెండు పనులు కోరుతున్నాను. వేసవిలో పదిహేను రోజులకొకసారి ఫిల్టర్ తీసి కడిగి, పూర్తిగా ఆరిన తర్వాతే పెట్టండి. వాడని గదుల గ్రిల్స్ అన్నీ మూసేసి కరెంటు ఆదా అవుతుందనుకోకండి. గాలి తగ్గి కాయిల్ మీద మంచు కడుతుంది. తేదీ కోసం మీ ఒప్పందం కార్డుపై ఉన్న నంబరుకు ఈ నెలలోనే ఫోన్ చేయండి. ఔట్‌డోర్ యూనిట్ ఉన్న టెర్రస్ తాళం ఆ రోజు ఇంట్లోనే ఉండేలా చూడండి. నిరుడు ఆ తాళాల కోసమే చాలా ఇళ్ల దగ్గర అరగంట చొప్పున గడిచిపోయింది.