సరస్సు ఒడ్డున ప్రాయశ్చిత్త దినాలు

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలోని మాడిసన్‌లో మెండోటా సరస్సు ఒడ్డున మేపుల్ ఆకులు ఎరుపెక్కుతున్న ఈ రోజుల్లో, యూదుల సంవత్సరాది అయిన రోష్ హషానా నాటి మధ్యాహ్నం మా పొరుగింటి యూదు పెద్దావిడ నీటి అంచున నిలబడి, పాపాలన్నిటినీ సముద్రపు లోతుల్లో పడవేస్తావన్న మీకా ప్రవక్త మాటలు మెల్లగా చదువుకోవడం చూశాను. వారి పంచాంగంలో తిష్రీ నెల పదో రోజైన యోమ్ కిప్పుర్‌కు, అంటే ప్రాయశ్చిత్త దినానికి, యూదులు సుమారు 25 గంటలు మంచినీళ్లు కూడా ముట్టరు. (2025లో అది అక్టోబర్ 2న వచ్చింది, మన విజయదశమి కూడా అదే రోజు.) అయితే ఆ ఉపవాసం దేవుని పట్ల చేసిన తప్పులకే పరిహారమనీ, సాటి మనిషికి చేసిన అన్యాయానికి ముందుగా ఆ మనిషినే ప్రసన్నం చేసుకోవాలనీ యూదుల ప్రాచీన ధర్మ గ్రంథమైన మిష్నా చెబుతుందని ఆవిడ వివరించినప్పుడు నా మనసు కదిలిపోయింది. పొలం పంపకాల్లో నేను నొప్పించిన మా తమ్ముడికి ఏడేళ్ల తర్వాత నిన్న రాత్రి ఫోన్ చేశాను.