షెరీఫ్ ఓటును వదులుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

మన జిల్లా ఎస్పీని ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో బదిలీ చేస్తుంది. అమెరికాలో మన జిల్లా లాంటి లాస్ ఏంజెలెస్ కౌంటీకి పోలీసు అధిపతి అయిన షెరీఫ్‌ను అలా కదిలించలేరు, ఆయన్ను ఓటర్లే ఎన్నుకుంటారు. 1850లో మొదలైన ఆ కార్యాలయాన్ని 1932 నుంచి 1998 దాకా, 66 ఏళ్లపాటు, ముగ్గురే నడిపారు: బిస్కైలూజ్, పిచెస్, షెర్మన్ బ్లాక్. అడిగేవారు లేని ఆ ధీమాయే చేటు చేసిందని నా నమ్మకం. తర్వాత వచ్చిన లీ బాకా, జైళ్లలో ఖైదీలపై దౌర్జన్యాల మీద ఎఫ్‌బీఐ చేపట్టిన దర్యాప్తుకు అడ్డుపడి, 2017లో మూడేళ్ల జైలుశిక్షకు గురయ్యారు. 2018లోనూ 2022లోనూ పదవిలో ఉన్న షెరీఫులే ఓడారు. ఇప్పుడు తగిన కారణం ఉంటే, కౌంటీని పాలించే ఐదుగురు సూపర్‌వైజర్లలో నలుగురు కలిసి షెరీఫ్‌ను తొలగించవచ్చు. ఆ అధికారాన్ని 2022లో ఓటర్లే ఇచ్చారు.

కౌంటీ జైళ్లు, కోర్టుల భద్రత, నగరపాలన లేని ప్రాంతాల గస్తీ షెరీఫ్‌వే. సొంత పోలీసులు లేని నగరాలూ డబ్బు కట్టి షెరీఫ్ కింద పనిచేసే డెప్యూటీలనే పెట్టుకుంటాయి. 1954లో లేక్‌వుడ్ నగరం ఈ పద్ధతి మొదలుపెట్టింది. అలాంటిచోట ఫిర్యాదు ఇవ్వాల్సింది షెరీఫ్ స్టేషన్‌లోనే.

తదుపరి ఎన్నిక 2028లో, అధ్యక్ష ఎన్నికతోపాటే. అక్కడ ఓటున్న తెలుగువారు బ్యాలెట్ కిందిదాకా చదవాలి. అభ్యర్థి పేరు పక్కన పార్టీ ఉండదు కాబట్టి ముందే విచారించుకోవాలి. ముందుగా జరిగే తొలి విడత ఎన్నిక, అంటే ప్రైమరీలోనే ఎవరికైనా సగానికి మించి ఓట్లు పడితే, నవంబరులో ఆ పోటీ ఉండదు.

– ఒక పాఠకుడు