చిన్న బట్టల దుకాణాల కష్టాలు

సంపాదకులకు నమస్కారం.

బట్టల తాను (పొడవాటి బట్ట చుట్ట) విప్పి, మీటర్ల లెక్కన కోసి అమ్మే చిన్న స్వతంత్ర దుకాణాలు మూతపడడానికి ఆన్‌లైన్ అమ్మకాలొక్కటే కారణమని సరిపెట్టుకోవడం సబబు కాదని నా అభిప్రాయం. అసలు భారం పెట్టుబడిలో ఉంది. టోకు వర్తకుడు సాధారణంగా తానంతా కొనమంటాడే తప్ప రెండు మూడు మీటర్లు కోసి ఇవ్వడు. ఒకే రకం బట్టను పది రంగుల్లో ఉంచాలంటే పది తానుల సొమ్ము అరల్లో ఇరుక్కుపోతుంది, వాటిలో కొన్ని రంగులు కదలకపోతే మిగిలినవాటి మీద వచ్చిన లాభం ఆ నష్టానికే చెల్లిపోతుంది. తాను చివర మిగిలే ముక్కలు సగం ధరకైనా పోతాయన్న నమ్మకం లేదు. అద్దె, కరెంటు బిల్లుల సంగతి సరేసరి.

బట్ట ఎంత బిగువుగా నేసి ఉందో, ఉతికితే ఎంత కుంచించుకుపోతుందో, ఏ లైనింగు నప్పుతుందో చేత్తో తాకి చెప్పగల అనుభవం ఆ దుకాణదారులది. తెర మీద బొమ్మలో రంగు సైతం ఉన్నదున్నట్లు కనిపించదు. ఆ సలహాను ఉచితంగా పొంది, నమూనా ముక్క కూడా అడిగి తీసుకుని, కొనుగోలు మాత్రం మరోచోట చేయడం (చాలామంది దీన్ని తప్పుగా భావించరు) నన్నెంతో బాధిస్తుంది. నలుగురు చిన్న వర్తకులు కలిసి ఒకే తానును పంచుకుని కొనే వీలు టోకు వర్తకులు కల్పించాలనీ, నమూనా ముక్కకు కొద్దిపాటి రుసుము తీసుకుని, బట్ట కొన్నప్పుడు దానిని మినహాయించే పద్ధతికి కొనుగోలుదారులు సమ్మతించాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు