కోట్టూరుపురం మెట్ల మీద

చి. గౌరికి నాన్న దీవించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాము. అమ్మ మోకాలి నొప్పి అట్లే ఉంది. జేజి గట్టిగానే ఉంది, నిన్న మజ్జిగ నీళ్లనీళ్లుగా ఉందని పోట్లాడింది. ఫోన్లో నువ్వు ఊ, ఆ అని పెట్టేస్తావు, మూడు వారాలుగా అది కూడా లేదు. అందుకే ఉత్తరం.

మొన్న సుబ్బక్క కొడుకు మద్రాసు నుంచి వచ్చినాడు. మంగళవారం పదకొండు గంటలప్పుడు కోట్టూరుపురం లైబ్రరీ మెట్ల మీద నిన్ను చూసినాడంట. చేతిలో లావు పుస్తకాలంట. లైబ్రరీకి పోతే తప్పేముంది, మంచిదే.

2010లో తెరిచిన ఆ తొమ్మిదంతస్తుల భవనంలోకే కదా ప్రాచ్య లిఖిత పుస్తకాలను, అదే పాత తాటాకు, చేతిరాత ప్రతులను, మార్చినారు. మన బ్రౌను దొర సేకరించినవి అందులోనే ఉండాయి. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చినోడు, తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులకు తన జీతంలోంచి జీతాలిచ్చి, వేమన పద్యాలూ కావ్యాలూ ఎత్తి రాయించినాడు. మన ఎర్రముక్కపల్లెలో కూర్చుని చేయించిన పని నీ ఊరు చేరింది. ఒకరోజు ఆఫీసుకు సెలవు పెట్టి చూసిరా. పెట్టడానికి ఆఫీసు ఉంది కదా?

ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీ కూడా చూడు. 1896 నాటిది. పెళ్లికి ముందు ఒకసారి పోయి, ఆ పాత హాలు పైకప్పును మెడ నొప్పి పుట్టేదాకా చూసినా. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ ఒక కాపీ అక్కడికి పంపాలని చట్టం. ప్రొద్దుటూరులో అచ్చేసినదైనా సరే.

కోట్టూరుపురంలో సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే విభాగం ఒకటి ఉందంట. కూర్చునేదంతా పరీక్షలకు చదివే పిల్లోళ్లేనంట. నువ్వు కూర్చునేది అక్కడేనా? చదవాలంటే చదువు, నేనేమీ అడ్డం పడను. కానీ రూము అద్దె ఉంది, పూట తిండి ఉంది, చేతిలో ఆరు నెలల ఖర్చు లేకుండా ఎవరూ ఉద్యోగం వదలకూడదు. సరే, ఉపన్యాసం వద్దులే.

నా సంగతి ఒకటి మీ అమ్మకు కూడా సగమే తెలుసు. 1986లో ఒక నూనె మిల్లులో లెక్కలు రాస్తా ఉంటి. ఒకరోజు ఇద్దరు గుమాస్తాలు చాలని నన్ను మానిపించినారు. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. పొద్దున ఎనిమిదిన్నరకు జేజి కట్టిచ్చిన క్యారియర్ సైకిలుకు తగిలించుకుని నేరుగా లైబ్రరీకి పోయేది. పేపర్లన్నీ, టెండర్ల ప్రకటనలతో సహా, చదివేది. మధ్యాన్నం వెనకాల వేపచెట్టు కింద సంగటి తిని, చెయ్యి కడుక్కుని మళ్లీ లోపలికి. సాయంత్రం ఆరుకు అలిసిపోయిన మొగం పెట్టుకుని ఇంటికి. నెల తిరిగింది. జీతమేదంటే మిల్లులో ఆలస్యమన్నా. ఒకరోజు తలెత్తితే బల్లకు అవతల మీ జేజినాయన! సంతకం తప్ప చదువు రాని మనిషి. ఏదో వారపత్రిక తీసుకుని, బొమ్మలు ఒక్కొక్కటే తిప్పుతా అరగంట కూర్చున్నాడు. లేచి పోతా, "క్యారియర్ మోసేదెందుకురా, రేపట్నుంచి మధ్యాన్నం ఇంటికొచ్చి వేడిగా తిను" అన్నాడు. అంతే. చొక్కాలు ఉతుకుతుంటే నూనె వాసన రాలేదని జేజి పసిగట్టిందంట.

ఎందుకు చెప్పినానంటే ఎందుకూ లేదు. లైబ్రరీ మాట వచ్చింది, గుర్తొచ్చింది.

అక్కడ ఏసీ ఎక్కువంట. నీకు చల్లగాలి పడదు, మొన్నటి జలుబు తగ్గిందో లేదో కూడా చెప్పలేదు. ఆదివారం సుబ్బక్క కొడుకు తిరిగి పోతాడు. చెనిక్కాయల పొడి, ఊరుబిండి, నీ నీలం స్వెట్టర్ ఇచ్చి పంపుతా. ఊరుబిండి రెండు రోజుల్లో తినెయ్, నిలవుండదు. ఆఫీసు దగ్గర ఇమ్మనాలా, రూముకు తెమ్మనాలా? లైబ్రరీకైతే ఏ అంతస్తో రాయి.

మీ నాన్న