జాబ్ మేళా ప్రకటనల్లో కంపెనీ గుర్తింపు సంఖ్య (సీఐఎన్) కూడా వేయాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో మరో సాఫ్ట్‌వేర్ కంపెనీ బోర్డు తిప్పేసిందన్న వార్త మీ పత్రికలో ఎన్నిసార్లు చదివామో! శిక్షణ పేరిట లక్షలు కట్టించుకోవడం, నమ్మకం కుదిరేలా ఒకటి రెండు నెలలు జీతం వేయడం, ఆ తర్వాత ఆఫీసుకు తాళం. పోలీస్ స్టేషన్ ముందు నిలబడ్డ ఆ పిల్లల ఫొటోలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన ఇళ్లుంటాయి వాటి వెనక.

ఇంటర్వ్యూకు ముందు కంపెనీ గురించి తెలుసుకోండని మా అధ్యాపకులమంతా చెబుతాం. పిల్లలు వెబ్‌సైట్‌లో ‘మా గురించి’ పేజీ బట్టీపట్టి వెళతారు. అది కంపెనీవాళ్లు రాసుకున్నదే కదా! ఆన్‌లైన్ రివ్యూలు కూడా రాయించుకోవచ్చు.

మొన్న మా విద్యార్థిని ఒకమ్మాయి ఆఫర్ లెటర్ తెచ్చి చూపించింది. రంగుల లోగో, గుండ్రటి ముద్ర, రెండు సంతకాలు. కంపెనీని రిజిస్టర్ చేసినప్పుడు ఇచ్చే గుర్తింపు సంఖ్య, సీఐఎన్ మాత్రం లేదు. ఈ-మెయిల్ చూస్తే జీమెయిల్‌ది. 2013 నాటి కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కంపెనీ లెటర్‌హెడ్ మీద రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాతో పాటు సీఐఎన్ తప్పనిసరిగా ఉండాలి. అక్షరాలూ అంకెలూ కలిపి 21. ఏ రాష్ట్రంలో, ఏ సంవత్సరంలో రిజిస్టరైందో అందులోనే తెలిసిపోతుంది. నంబరులో 2024 అని ఉండి, మాకు పదిహేనేళ్ల అనుభవం ఉందంటే ఎలాగని అడగాలి. పాత సంస్థే కొత్తగా కంపెనీగా మారి ఉంటే చెప్పడానికి వాళ్లకేం ఇబ్బంది?

కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే మూలధనం ఎంతో, కంపెనీ నడుస్తోందో, రిజిస్టర్ నుంచి కొట్టేశారో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. అంతకంటే అక్కరకొచ్చేది పీఎఫ్ వివరం. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ (ఈపీఎఫ్ఓ) వెబ్‌సైట్‌లో సంస్థ పేరు వెతికితే ఏ నెల ఎంతమందికి పీఎఫ్ జమ చేశారో కనబడుతుంది. మూడొందల మంది ఉద్యోగులున్నారని చెప్పుకునే కంపెనీ ఆరుగురికే కడుతుంటే ఇంకేం కావాలి? పేరున్న కంపెనీల పేరిట దొంగ లెటర్లు పుట్టించేవాళ్లూ ఉన్నారు కనుక, లెటర్‌లో ఇచ్చిన నంబరుకు కాకుండా ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోని నంబరుకే ఫోన్ చేసి అడగాలి. డిపాజిట్ అడిగితే మాత్రం ఇవేవీ చూడక్కర్లేదు, లేచి వచ్చేయడమే.

అయితే భారమంతా ఇరవై ఒక్కేళ్ల పిల్లల మీదే వేయడం న్యాయం కాదు. గల్ఫ్‌కు పంపే ఏజెంటుకు 1983 నాటి వలసల చట్టం కింద లైసెన్సు ఉండాలి, కేంద్ర ప్రభుత్వ ‘ఈ-మైగ్రేట్’ వెబ్‌సైట్‌లో ఆ పేరు సరిచూసుకోవచ్చు. దేశంలోనే ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలకు ఆ చట్టం వర్తించదు. అందుకే నైపుణ్యాభివృద్ధి సంస్థలు, జిల్లా ఉపాధి కార్యాలయాలు, కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్‌లు తమ వేదిక మీదికి వచ్చే ప్రతి కంపెనీనీ ముందే సరిచూడాలి. ప్రకటనలో ఖాళీలు, జీతం పక్కనే సీఐఎన్, పీఎఫ్ కోడ్ అచ్చువేయాలి. సరిచూసుకునే పద్ధతిని ఒక్క పేజీలో తెలుగులో రాసి నోటీసు బోర్డుల్లో పెట్టాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ రాబోయే క్యాంపస్ డ్రైవ్‌లు మొదలయ్యేలోపే ఈ మేరకు ఉత్తర్వులివ్వాలని మనవి.

– ఒక కామర్స్ అధ్యాపకురాలు, నరసరావుపేట